వెండి ముద్ద

ఆర్.కె.పేట నుండి తిరుత్తణి మీదుగా తూర్పుకు వెళ్తే తిరువాలంగాడు వస్తుంది. నటరాజస్వామి ఐదు సభలలో ఒకటైన రత్నసభ అక్కడే ఉంది. ఆ ఊరిలో లభించిన చోళుల కాలపు కంచు నటరాజ విగ్రహం నేడు చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. చూచినవారందరూ ఆ నాట్యభంగిమను మెచ్చుకుంటారు. దాని పుట్టుకలో మట్టికి ఎంత పాలు ఉందో మాత్రం చాలామందికి తోచదు.

అటువంటి విగ్రహాన్ని శిల్పి మొదట మైనంతో చేస్తాడు. దానిపై మెత్తని మట్టిని పొరలు పొరలుగా పూసి ఆరబెడతాడు. వేడి చేయగానే మైనం కరిగి, వదలిన రంధ్రం గుండా కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన లోహం పోసి, చల్లారిన పిమ్మట మట్టిని పగులగొడతాడు. అందుచేత ఒక అచ్చుకు ఒకే విగ్రహం. మైనాన్ని సంస్కృతంలో మధూచ్ఛిష్టం అంటారు కనుక దీనికి మధూచ్ఛిష్ట విధానమని పేరు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసంలో ఈ పద్ధతి వివరంగా ఉంది. మైనాన్ని ముందే తూచి, దానినిబట్టి లోహం ఎంత కావాలో నిర్ణయించాలని అందులో చెప్పాడు.

ఇక్కడ మట్టి లోహానికి రూపమిచ్చి తాను పగిలిపోతుంది. లోహమే మట్టిలా చేతికి లొంగితే ఎలా ఉంటుంది? 1990వ దశకం ఆరంభంలో జపాన్ దేశపు మిత్సుబిషి మెటీరియల్స్ సంస్థ అటువంటి పదార్థాన్ని తయారుచేసింది. దాని పేరు మెటల్ క్లే. పేరులో మట్టి ఉన్నా అందులో మట్టి లేదు. పిండికంటే మెత్తని వెండి రేణువులు, వాటిని పట్టి ఉంచే జిగురు, కొంచెం నీరు, అంతే. చపాతీ పిండిలా దానిని ఒత్తవచ్చు, ఆకును అదిమి ఈనెలతో సహా అచ్చు తీయవచ్చు. కంసాలి బంగారు రజనును ఒక్క రేణువైనా పోనీయడు. ఇక్కడ కూడా రాలిన పొడిని నీటితో తడిపి మళ్ళీ ముద్ద చేసుకుంటారు.

చేసిన నగను బాగా ఆరనివ్వాలి. తడి ఉన్న కుండ ఆవంలో పగిలినట్లే, తడి నగ కూడా ఆవిరికి ఉబ్బి చీలుతుంది. అంచులను సన్నని ఉప్పుకాగితంతో రుద్దవలసినది కూడా ఆరిన తరువాతే. కాలినాక అదే పనికి ఆకురాయి పట్టవలసి వస్తుంది.

వెండి సుమారు 962 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. ఈ ముద్దను రకాన్నిబట్టి 650 నుండి 900 డిగ్రీల వరకు కాలుస్తారు. జిగురు కాలిపోతుంది. రేణువులు కరగకుండానే ఒకదానికొకటి తాకిన చోట అతుక్కుంటాయి. దీనినే సింటరింగ్ అంటారు. మిగిలేది మేలిమి వెండి. రాగి ముద్ద విషయం వేరు. గాలి తగిలితే అది నల్లబడి రేణువులు కలవవు. అందుచేత దానిని మూత ఉన్న పాత్రలో బొగ్గు పలుకుల నడుమ పాతి కాలుస్తారు.

జిగురు పోయిన చోటు పూడేకొద్దీ నగ కుంచించుకుపోతుంది. తొలినాటి ముద్ద నూటికి దాదాపు 28 వంతులు కుంచించుకుపోయేది. తరువాత వచ్చిన కొన్ని రకాలు 10 వంతుల దగ్గర ఆగుతున్నాయి. 18 మిల్లీమీటర్ల ఉంగరం కావలసినవారు 20 మిల్లీమీటర్లకు చేయాలి. ఈ లెక్క ఇటుకలు కోసేవారికి కొత్త కాదు. వారి అచ్చు ఎప్పుడూ ఇటుకకంటే పెద్దదే.

కొలిమి నుండి తీసిన నగను చూచి నేర్చుకొనేవారు దిగులుపడతారు. అది సున్నం కొట్టినట్లు తెల్లగా, మెరుపు లేకుండా ఉంటుంది. పాడైపోయిందనుకొని పారవేయబోతారు కూడా. కాని అది వెండే. పైపొర గరుకుగా ఉండి వెలుగును నలుదిక్కులకు చెదరగొడుతుంది, అంతే. సబ్బునీటితో తడిపి ఇత్తడి తీగల కుంచెతో రుద్దితే తెలుపు పోయి వెండి బయటపడుతుంది. పిమ్మట నున్నని అకీకు రాయితోనో ఉక్కు కడ్డీతోనో అదిమి రాస్తే మెరుగు వస్తుంది. కంసాలి కూడా ఇలాగే మెరుగు పెడతాడు. ఇక్కడ యంత్రం కంటే ఓపికే ఎక్కువ పని చేస్తుంది.

కుంపటి, మూస, సుత్తి లేకుండా నగ తయారవుతుంటే కంసాలి పని ఏమవుతుంది? ఆ భయం అనవసరం. కాల్చిన ముద్దలో కంటికి కనబడని రంధ్రాలు మిగులుతాయి. దాగలిపై సుత్తిదెబ్బలు తిన్న వెండికి ఉన్న గట్టితనం దానికి రాదు. పలుచని ఉంగరమైతే వంగిపోవచ్చు, విరగవచ్చు. పతకాన్ని ముద్దతో ఎంత అందంగా చేసినా, దానిని గొలుసుకు తగిలించే కొండీని మాత్రం కమ్మచ్చులో లాగిన తీగతో చేయడమే మేలు.