ఒకే కంప్యూటరునందు రెండు పైథానులు

పైథాను అను కంప్యూటరు భాషను హాలెండు దేశీయుడగు గైడో వాన్ రోసమ్ నిర్మించి 1991వ సంవత్సరమున లోకమునకు వెల్లడించెను. దాని రెండవ కూర్పు 2000వ సంవత్సరమునను, మూడవది 2008 డిసెంబరు 3వ తేదీనను వెలువడినవి. 2020 జనవరి 1వ తేదీతో రెండవ కూర్పునకు పోషణ నిలిచిపోయినది. అయినను ఆ కూర్పున వ్రాయబడిన ప్రోగ్రాములు నేటికిని కొన్నిచోట్ల పనిచేయుచునే యున్నవి. పాతవానిని విడువ వీలులేదు. క్రొత్తదానిని నేర్వక తప్పదు. కావున రెంటిని ఒకే యంత్రమున కలహము లేకుండ నుంచు విధము తెలిసికొనవలెను.

కలహమేమని యడుగుదురేమో. ఒక బాలునకు రెండు పరీక్షలలో 34, 35 మార్కులు వచ్చినవనుకొందము. మొత్తము 69, సగటు 34.5. ఉత్తీర్ణతకు 35 కావలెను. అర మార్కు వచ్చినచో పై యంకెకు చేర్చుట ఉపాధ్యాయుని నియమము. 69ని 2 చేత భాగింపుమన్నచో రెండవ పైథాను శేషమును విడిచి 34 అని యిచ్చును. ఈ సంగతి యెరిగినవాడు 2కు మారుగా 2.0 అని వ్రాసి, వచ్చిన 34.5ను సమీప పూర్ణాంకమునకు సవరింపుమని కోరును. అప్పుడు 35 వచ్చును, బాలుడు గట్టెక్కును. అదే ప్రోగ్రామును ఒక్క యక్షరమైనను మార్పక మూడవ పైథానుచే నడిపించినచో 34 వచ్చును! ఏలయన, సరిగా సగము వచ్చినపుడు రెండవది పై యంకెకు చేర్చును. మూడవది ఇరుప్రక్కల నున్న అంకెలలో సరిసంఖ్య యేదో దానికి చేర్చును. పెద్ద లెక్కలలో సగములన్నియు ఒకే ప్రక్కకు మొగ్గకుండుటకై యేర్పడిన పద్ధతి యిది, దీనిని తప్పనరాదు. కాని యంత్రము హెచ్చరికయైనను చేయదే! తప్పు చూపి నిలిచిపోవు ప్రోగ్రాము వలన భయము లేదు. నోరెత్తక బాలుని తప్పించునదియే భయంకరము.

పైథాను అని టైపు చేసినపుడు యంత్రము దేనిని పిలుచును? యంత్రమునందు పాత్ అను పట్టిక యొకటి కలదు. అందు ఫోల్డరుల పేళ్లు వరుసగా నుండును. యంత్రము మొదటినుండి వెదకుచు వచ్చి, ఆ పేరు మొట్టమొదట కనబడినచోటనే యాగును. తరువాతివానిని చూడనే చూడదు. కాలువ మొదటనున్న పొలమునకే తొలుత నీరందునని కోనసీమవారికి చెప్పనక్కరలేదు.

లినక్సు, మాక్ యంత్రములకు పైఎన్వ్ అను సాధనము కలదు. ఇది ప్రతి కూర్పును వేరొక ఫోల్డరున నిలిపి, పాత్ పట్టిక మొదటనే యొక కావలివానిని కూర్చుండబెట్టును. లొల్ల లాకులవద్ద నీరు అమలాపురము వైపునకు, గన్నవరము వైపునకు పంచబడునట్లు, ప్రతి పిలుపును ఇతడు తగిన కూర్పునకు మరలించును. మనమున్న ఫోల్డరునందు కూర్పు సంఖ్య వ్రాసిన చిన్న ఫైలు కలదాయని చూచును. లేనిచో దాని పై ఫోల్డరున, ఆపైదానిలో వెదకును. ఎచ్చటను లేనిచో సామాన్యముగా నియమించిన కూర్పును పిలుచును. కావున పాత మార్కుల ప్రోగ్రామున్న ఫోల్డరున 2.7.18 అని వ్రాసియుంచిన చాలును.

లినక్సుతో కూడ వచ్చిన పైథానును మాత్రము తీసివేయరాదు. ఉబుంటు వంటి వానిలో యంత్రము తన సొంత పనులకే దానిని వాడుకొనును. విండోసునందు పై అను పిలుపు ప్రక్కన కూర్పు సంఖ్య చేర్చి కావలసినదానిని నడుపవచ్చును. ఒకే కూర్పున వేరువేరు ప్యాకేజీలు కావలసినవారికి, 2012లో వెలువడిన 3.3 కూర్పునుండి వెన్వ్ అను ఉపకరణము కలదు.

ఇక ఆ బాలుని సంగతి. సవరింపుమని యంత్రమును కోరుట మాని, 34.5కు అర చేర్చి, దశాంశభాగమును విడువుమని వ్రాయుడు. ఏ కూర్పుచే నడిపించినను 35 వచ్చును.