వాగును తవ్విన పొక్లెయిన్‌తోనే వాగును బాగు చేయించడం: కిస్సిమ్మీ నది చెప్పిన పాఠం

పోయిన వీడియోలో మా వాగు ఒడ్డు ఎలా కోసుకుపోయిందో చూపించాను. చూసినవాళ్లలో చాలామంది "మళ్లీ పొక్లెయిన్ పెట్టి ఇంకాస్త లోతు చేయించండి" అన్నారు. ఈ వీడియో, ఈ పాఠం దానికి నా జవాబు.

ముందు మా తప్పు చెప్పుకోవాలి. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగిన రోజుల్లో, దాంట్లో కలిసే మా చిన్న వాగు కూడా పొలాల మీదికి వచ్చింది. నాకు రెండెకరాల వరి మునిగింది. తర్వాతి వేసవిలో పద్నాలుగు మందిమి డబ్బులు పోగేసి ఒక కాంట్రాక్టరుకి పని అప్పగించాం. ఆయన అడిగింది ఒక్కటే, "ఎంత లోతు, ఎంత వెడల్పు?" అని. మేమూ అదే చెప్పాం. తీసిన మట్టి లెక్కన డబ్బులు. మూడు మలుపులు కోసేసి వాగుని కాలవలాగా తిన్నగా చేశారు. ఒడ్డున కానుగ చెట్లు, రెల్లు అన్నీ పోయాయి. ఆ వానాకాలం మా పొలాలు మునగలేదు, నిజమే. కానీ నీళ్లు ఒక్క ఊపున కిందికి పోయి, దిగువన బాబాయి వరస అయ్యే రైతు పొలం అర ఎకరం తీసుకుపోయాయి. ఫిబ్రవరికల్లా నా బావి అడుగంటింది. "మీ పొలంలో వరద తీసి నా పొలంలో పోశారు కదరా అబ్బాయ్" అన్నాడాయన. నేనేం అనగలను?

అప్పటినుంచి ఇలాంటి పని చెడగొట్టి మళ్లీ బాగు చేసుకున్నవాళ్లు ఎవరన్నా ఉన్నారా అని వెతికాను. అలా దొరికిందే అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఉన్న కిస్సిమ్మీ నది.

ఆ నది పాములా వంపులు తిరుగుతూ 103 మైళ్లు పారి ఒకిచోబీ అనే పెద్ద సరస్సులో కలిసేది. రెండు పక్కలా మైలు, రెండు మైళ్ల వెడల్పున వరద మైదానం ఉండేది. వరద మైదానం అంటే వేరే ఏమీ కాదు, ఏరు పొంగితే నీళ్లు పరుచుకునే పల్లపు నేల. 1947లో తుపాన్లకు ఆ ప్రాంతమంతా మునిగింది. జనం వరద ఆపమన్నారు. 1962 నుంచి 1971 దాకా అక్కడి సైన్యపు ఇంజనీరింగ్ విభాగం నదిని 56 మైళ్ల కాలవగా మార్చింది. 30 అడుగుల లోతు, 300 అడుగుల వెడల్పు, మధ్యమధ్యలో గేట్లు. దాని పేరు కూడా సి-38, నది అనే మాటే లేదు.

వరద తగ్గింది. పల్లం ఎండి పశువుల బీళ్లయింది. పాత వంపుల్లో నీళ్లు కదలక అడుగున కుళ్లు పేరుకుంది, నీటిలో ప్రాణవాయువు పడిపోయి చేపలు తగ్గాయి. చలికాలంలో వచ్చే బాతులు నూటికి తొంభై వంతులు రావడం మానేశాయి. నీళ్లలో వేటాడే కొంగల చోట పశువుల వెంట తిరిగే కొంగలు ఎక్కువయ్యాయి. మన దగ్గర దున్నేటప్పుడు నాగలి వెనక నడుస్తుందే, ఆ కొంగే. ఏ కొంగ వాలుతుందో చూస్తే నేల తడి ఎంతుందో తెలిసిపోతుందని నాకు అప్పుడు తట్టింది.

తిరిగి బాగు చేసే పనికి 1992లో అక్కడి పార్లమెంటు అనుమతి ఇచ్చింది. కాలవ పూడ్చే ముఖ్యమైన పని 1999లో మొదలై 2021లో ముగిసింది. ఖర్చు దాదాపు 100 కోట్ల డాలర్లు. తవ్వడానికి అయింది అందులో చిన్న వంతు.

ఇక్కడ పని తీరు జాగ్రత్తగా చూడండి, మనకు పనికొచ్చేది ఇదే. ముందు పరీక్ష చేశారు: 1980లలో కాలవకి అడ్డంగా మూడు అడ్డుకట్టలు వేసి, నీళ్లు పాత వంపుల్లోకి మళ్లుతాయో లేదో కొన్నేళ్లు గమనించారు. నీళ్లు పరుచుకునే నేలలు ముందే కొన్నారు, సుమారు లక్ష ఎకరాలు. నేల సమకూర్చుకోకుండా ఎవరి పొలమో ముంచి నది బాగు చేయలేదన్నమాట. తర్వాత యంత్రాలు దిగాయి. ఒకప్పుడు తవ్వి గట్టున పోసిన ఆ మట్టినే తిరిగి కాలవలోకి నెట్టారు, 22 మైళ్లు. పాత వంపులు చెరిగిపోయిన చోట కొత్తగా చెక్కి కలిపారు. రెండు గేట్ల కట్టడాలు తీసేశారు. కాలవ మొత్తం పూడ్చలేదు. పైనా కిందా ఊళ్లకి వరద రక్షణ కోసం కొంత ఉంచారు. 44 మైళ్ల నది మళ్లీ పారింది. నేల తడిసేసరికి మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోయిన విత్తనాలు వాటంతట అవే మొలిచాయి. నీటిపక్షులు వచ్చాయి.

మనది చిన్న వాగు, మన దగ్గర అంత డబ్బు లేదు. కానీ మనకి తెగిపోయేది కూడా అదే దగ్గర, ఒప్పందం రాసుకునే దగ్గర. మట్టి లెక్కన డబ్బులిస్తే ఎవరైనా మట్టే తీస్తారు, అందులో ఆపరేటరు తప్పేం లేదు. ఈసారి మేము కాగితం మీద వేరేగా రాసుకున్నాం. గంటల లెక్క, కానీ మాలో ఒకరు పక్కనే నిలబడాలి. పని పూర్తయిందనడానికి కొలత తీసిన మట్టి కాదు, మేము పాతిన కర్రల మీద గీసిన మట్టం. ఉన్న చెట్టు ముట్టుకోవద్దు. యంత్రం ఒక ఒడ్డు నుంచే దిగాలి. పై మట్టి వేరే కుప్ప వేసి చివర్లో మళ్లీ పైనే పరవాలి, దాంట్లోనే విత్తనాలూ సూక్ష్మజీవులూ ఉంటాయి. మనం ఘనజీవామృతం వేసి పెంచుకునేది వాటినే కదా! పని తొలకరికి నెల ముందు ఆగిపోవాలి.

కోసేసిన మలుపుల్లో ఒకదాన్ని తిరిగి తెరుస్తాం. తిన్నగా తవ్విన చోట మోకాలెత్తు రాతికట్లు అంచెలంచెలుగా వేస్తాం. ఇక్కడ ఒక మాట: కట్టు మధ్యలో పల్లంగా ఉండాలి, రెండు చివరలూ గట్టులోకి చొచ్చుకుపోవాలి. లేకపోతే నీళ్లు పక్కనుంచి గట్టుని కోసేస్తాయి, అప్పుడు చేసినదానికంటే చేయకపోవడమే నయం. దిగువన పడే చోట పెద్ద రాళ్లు పరవాలి. గట్ల మీద వావిలి, వెదురు, వట్టివేరు.

వాగు మన సొంతం కాదు, కాబట్టి పంచాయతీ, నీటిపారుదల శాఖల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. మేము మొదటిసారి తీసుకోలేదు. దిగువ రైతుల సంతకాలు కూడా ముందే పెట్టించండి.

నా పొలంలో వాగుని ఆనుకున్న ముప్పావు ఎకరం పల్లాన్ని వరదకే వదిలేస్తున్నాను. అక్కడ గడ్డి, పశువుల మేత. ఒండ్రు ఎంత చేరిందో ప్రతి ఏడాదీ కర్రతో కొలిచి చూపిస్తాను. ఆ నేలకి ఎకరా వరి ఆదాయం రాదు, ఇంట్లో దాని మీద ఇంకా గొడవ జరుగుతూనే ఉంది.

బాబాయి సంతకం పెట్టాడు గానీ, "మొదటి కట్టు నా పొలం పైన వేయండి, పనిచేస్తే మిగతావి వేసుకోండి" అన్నాడు. అలాగే ఒప్పుకున్నాం. మార్చి ఆఖరి వారంలో పని. ఆ వీడియో, వాన పడ్డ తర్వాత అదే చోట తీసిన వీడియో, రెండూ పెడతాను.