లారీ నడిచే ఇల్లు కావాలంటే: కాగితం ముందు, వెల్డింగు తరువాత

వరి కోత మిషను నడిపే వారికి సీజను వచ్చిందంటే ఊళ్లో ఉండే వీలుండదు. ఒక మండలంలో కోత అయిపోగానే మరో మండలం, అక్కడి నుంచి మరో జిల్లా. యజమాని, డ్రైవరు, హెల్పర్లు చెట్ల కిందా, మిషను నీడనా పడుకుని వారాలు గడుపుతారు. తేనెటీగల పెట్టెలను పూత వెంట తిప్పే వారి పరిస్థితీ అంతే. అందుకే పాత పెద్ద లారీ ఒకటి కొని, అందులో మంచాలు, వంట గది, స్నానాల గది అమర్చుకుంటే బాగుంటుందన్న ఆలోచన చాలామందికి వస్తుంది. రావల్కోల్ లాంటి మేడ్చల్ పరిసర గ్రామాలకు 44వ నంబరు జాతీయ రహదారి దగ్గరే. పాత లారీ, దానికి వెల్డింగు చేసే మనిషి దొరకడం ఇక్కడ కష్టం కాదు. అయితే లక్షలు ఖర్చు పెట్టాక బండి రోడ్డెక్కకపోతే ఆ నష్టం పూడ్చుకోవడం రైతు తరం కాదు. కనుక ఈ పనిలో ఏది ముందు, ఏది వెనుక అన్నది తెలుసుకోవాలి.

తెలుగు నేలకు కొత్త కాదు

బండినే ఇల్లు చేసుకోవడం మనకు తెలియనిది కాదు. 1982లో తెలుగుదేశం పార్టీ పెట్టిన ఎన్.టి.రామారావు పాత షెవర్లే వ్యానును 'చైతన్య రథం'గా మార్పించి రాష్ట్రమంతా తిరిగారు. కుమారుడు హరికృష్ణ దాన్ని నడిపారు. 1983 జనవరి ఎన్నికల దాకా ఆ బండే వేదిక, అదే విడిది. అయితే అది వ్యాను. పెద్ద లారీ లెక్క వేరు, ఈనాటి చట్టం లెక్కా వేరు.

ఎలాంటి లారీ?

ముందు ముక్కులా బానెట్ పొడుచుకొచ్చిన లారీలు ఒక రకం. ఇంజిను మీదే క్యాబిను కూర్చున్న చదును మొహం లారీలు రెండో రకం. మెదక్ జిల్లా జహీరాబాద్‌లో (ఇప్పుడు సంగారెడ్డి జిల్లా) 1980లలో తయారైన ఆల్విన్ నిస్సాన్ చిన్న ట్రక్కులు ఈ రెండో రకమే. టాటా ఎల్‌పీటీ వరుస పెద్ద లారీలూ అంతే. ఇంజిను క్యాబిను కిందే ఉండడం వల్ల బండి పొడవులో ఎక్కువ భాగం గదికి మిగులుతుంది.

కానీ ఒక చిక్కుంది. కొత్త మోడళ్లలో ఇంజిను చూడాలంటే క్యాబినును మొత్తంగా ముందుకు వంచాలి. అలాంటి బండికి క్యాబిను పైకి చాచిన పడక కడితే క్యాబిను లేవదు, రిపేరు రోజున పడక కోసేయాల్సిందే. క్యాబినుకూ వెనక గదికీ మధ్య తగినంత ఖాళీ వదలాలి. పాత లారీల్లో కొన్నింటికి ఇంజిను మూత క్యాబిను లోపలే ఉంటుంది. వాటికి ఈ ఇబ్బంది లేదు గాని వేడి, చప్పుడు ఎక్కువ.

ముందు కాగితం

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం ఆర్సీలో రాసిన వివరాలు కంపెనీ లెక్కకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఈ సెక్షనును సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పు మరింత గట్టిపరిచింది. అదే ఏడాది సవరించిన చట్టంలో అనుమతి లేని మార్పు చేసిన యజమానికి 6 నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అని చేర్చారు. ఇంతకన్నా పెద్ద ప్రమాదం బీమాతో. ఆర్సీలో సరుకు లారీ అని ఉండి, లోపల మనుషులు కాపురం ఉంటే, యాక్సిడెంటు జరిగిన రోజున క్లెయిము చిక్కుల్లో పడుతుంది.

నివాస వాహనాలకు 'ఏఐఎస్-124' అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం అనుమతి పొందిన నమూనాతో బాడీ కట్టేవారి దగ్గరికి వెళ్లడమే మంచిది. బాడీ బిల్డరును మొదట అడగాల్సింది రేటు కాదు, అనుమతి పత్రం. ఆ తర్వాత డ్రాయింగు తీసుకుని ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి, ఫలానా బండిని ఇలా మార్చవచ్చా అని రాతపూర్వకంగా అడగాలి. రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా బండి మీద కత్తి పెట్టవద్దు. నోటి మాట చెల్లదు.

బరువు లెక్క

16 టన్నుల తరగతి లారీలో కట్టే గదికి ఒక అంచనా చూద్దాం. ఇనుప ఫ్రేము, గోడలు, పైకప్పు 1,800 కిలోలు. 500 లీటర్ల నీళ్లు 500 కిలోలు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు ఒక్కటి సుమారు 35 కిలోలు, 15 షీట్లకు 525. రెండు పెద్ద బ్యాటరీలు 110. నలుగురు మనుషులు 280. సామాను, స్పేర్లు 285. మొత్తం 3,500 కిలోలు.

అంటే పెద్ద లారీకి ఈ బరువు ఏ మూలకూ చాలదు. అదే అసలు సమస్య. పది టన్నులు మోయడానికి చేసిన కమాన్ పట్టీలు ఇంత తక్కువ బరువుకు వంగవు. కుదుపంతా గదికి తగిలి అల్మారాలు ఊడతాయి. తేలికైన బండికి తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు కొడితే వెనక చక్రాలు జారతాయి కూడా. పట్టీలు తీసేయమని మెకానిక్ చెప్పగానే తీయించవద్దు, అదీ మార్పు కిందికే వస్తుంది. కంపెనీ వర్క్‌షాపులో అడగండి. వీలైతే మొదటే చిన్న తరగతి బండి ఎంచుకోవడం తెలివైన పని.

నీళ్ల ట్యాంకు, వంట గట్టు, బ్యాటరీలు మూడూ ఒకే పక్కన పెడితే బండి ఒరుగుతుంది. ట్యాంకును ఇరుసుకు దగ్గరగా, కింది భాగంలో పెట్టాలి. పని సగమయ్యాక ఒకసారి, పూర్తయ్యాక ఒకసారి కాంటా వేయించాలి. ముందు చక్రాల బరువు, వెనక చక్రాల బరువు విడివిడిగా రాసుకోవాలి.

చాసిస్ మెలిక

పొలం దారిలో ఒక చక్రం గట్టెక్కితే చాసిస్ మెలి తిరుగుతుంది. అది లోపం కాదు, లారీని చేసిందే అలా. ఇనుప పెట్టెలాంటి గది మాత్రం మెలి తిరగదు. రెంటినీ అన్ని చోట్లా బిగించేస్తే అద్దాలు పగులుతాయి, వెల్డింగు ఊడుతుంది, చివరకు చాసిసే చీలవచ్చు. అందుకని మధ్యలో మరో ఫ్రేము వేసి, వెనక వైపు గట్టిగా, ముందు వైపు స్ప్రింగులతో బిగించాలి. చాసిస్ పై అంచుకూ కింది అంచుకూ రంధ్రాలు వేయరాదు, వాటిపై వెల్డింగు చేయరాదు. కంపెనీ ఇచ్చిన రంధ్రాలనే వాడాలి. కొత్త బండ్లలో వెల్డింగుకు ముందు బ్యాటరీ వైర్లు తప్పక తీయాలి, లేకపోతే ఎలక్ట్రానిక్ పెట్టె కాలిపోతుంది.

కరెంటు, గ్యాసు, ఎండ

పెద్ద లారీలో 24 వోల్టుల కరెంటు ఉంటుంది. 12 వోల్టుల ఫ్యాను కోసం రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి వైరు లాగడం చాలామంది చేసే పని. దాంతో ఒక బ్యాటరీ తొందరగా చచ్చి, తెల్లవారి బండి స్టార్టు కాదు. గదికి వేరే బ్యాటరీలు, పైన సోలారు పలకలు పెట్టుకోవాలి.

వంట గ్యాసు గాలి కన్నా బరువు కనుక లీకైతే నేలకే పారుతుంది. సిలిండరుకు బయటి నుంచి తెరిచే వేరే అర కట్టి, దాని అడుగున గాలి రంధ్రాలు ఉంచాలి. బండి కదిలేటప్పుడు సిలిండరు కట్టేయాలి. వెనక గదికి తలుపుతో పాటు బయటపడేందుకు ఒక పెద్ద కిటికీ, మంటలార్పే సిలిండరు తప్పనిసరి. ఎండ కోసం పైకప్పుకు తెల్ల రంగు, రేకుకూ లోపలి పలకకూ మధ్య 2 అంగుళాల థర్మోకోల్ లాంటిది వేయించాలి. ఎత్తు టేపుతో కొలుచుకోండి, ఊరి దారుల్లో వేలాడే కరెంటు తీగలే ప్రాణాంతకం.

బండి నడుస్తున్నంత సేపూ బెల్టు ఉన్న సీట్లలోనే కూర్చోవాలి. మంచం మీద పడుకుని ప్రయాణం వద్దు.

మరో దారి

ఏడాదిలో మూడు నాలుగు నెలలే అవసరం ఉన్న కోత మిషను యజమానులు లారీని మార్చకుండా, దించగలిగే గదిని చేయించుకోవడం గురించి ఆలోచించాలి. గదిని సరుకులాగా లారీపైకి ఎక్కించి, గట్టిగా బిగించి, పని చోట దించుకుంటారు. దారిలో అందులో మనుషులు ఉండకూడదు. లారీ లారీగానే ఉంటుంది, మిగతా నెలల్లో కిరాయికి తిరుగుతుంది. ఈ పద్ధతికీ లోడు కొలతలు, బిగింపు విషయం ముందుగా ఆర్టీఏలో అడిగి తెలుసుకోవడం మంచిది.

ఏ దారి ఎంచుకున్నా వరుస ఒక్కటే: మొదట అనుమతి, తర్వాత కాంటా లెక్క, ఆ తర్వాతే వెల్డింగు. ఈ వరుస తప్పని వారికి బండీ దక్కుతుంది, అందులో పడుకునే కూలీకి నిశ్చింతైన నిద్రా దక్కుతుంది.