గాయము మానుట – జన్యుచికిత్స

జనగామ పొలములో కొడవలితో వ్రేలు తెగినను, భూపాలపల్లి బొగ్గుగనిలో రాయి తగిలినను, మహబూబాబాదు వంటింటిలో నూనె చిందినను మన దేహము చేయు పని ఒక్కటే. మొదట రక్తము గడ్డకట్టును. పిదప తెల్లకణములు క్రిములను నశింపజేయును. అటుపై కొత్త రక్తనాళములును, కొల్లాజెన్ అను మాంసకృత్తి పోగులును ఏర్పడి గాయమును పూడ్చును. ఈ పోగులు సహజ చర్మమునందువలె అల్లుకొనక ఒకే దిశలో దట్టముగా పేరుకొనుటచే మచ్చ నిలుచును.

ఈ దశలను నడిపించు సందేశవాహకములే వృద్ధికారకములు. మధుమేహ రోగి పాదములలో రక్తప్రసారము తగ్గుటచే ఈ కార్యక్రమము కుంటుపడును. అట్టి మానని పుండునే ఉర్దూలో 'నాసూర్' అందురు. 1997లో పి.డి.జి.ఎఫ్. అను వృద్ధికారకముతో చేసిన లేపనమును ఇట్టి పుండ్లకు అమెరికా ప్రభుత్వము ఆమోదించినది. హైదరాబాదు ఔషధ పరిశ్రమయు అట్టి లేపనమును తయారుచేసినది. కాని పుండులోని ఎంజైములు ఆ మాంసకృత్తిని త్వరగా విచ్ఛిన్నము చేయును. కనుక దానిని ప్రతిదినము పూయవలెను.

మాంసకృత్తికి బదులు, దానిని తయారుచేయు జన్యువునే కణమునకు అందించినచో కణమే ఔషధశాల కాదా? ఇదియే జన్యుచికిత్సలోని మూలభావము. జన్యువును మోసికొనిపోవుటకు, రోగము కలిగించు శక్తిని తొలగించిన వైరస్‌ను వాహకముగా వాడుదురు.

ఈ భావము ఒక వ్యాధి విషయమున ఫలించినది. డిస్ట్రోఫిక్ ఎపిడెర్మోలైసిస్ బుల్లోసా అను వంశానుగత వ్యాధిలో ఏడవరకము కొల్లాజెన్ లోపించును. చర్మపు పొరలు గట్టిగా అంటుకొనవు. చిన్న ఒరిపిడికే బొబ్బలు లేచి పుండ్లగును. ఆ కొల్లాజెన్ జన్యువును హెర్పిస్ వైరస్‌లో నిలిపి చేసిన 'వైజూవెక్' అను జెల్‌ను 2023 మే నెలలో అమెరికా ఆమోదించినది. 31 మంది రోగులపై జరిపిన పరీక్షలో ఆరు మాసములకు, మందు పూసిన పుండ్లలో నూటికి 67, మందులేని జెల్ పూసిన పుండ్లలో నూటికి 22 పూర్తిగా మానినవి. ఈ జన్యువు కణపు డి.ఎన్.ఏ.లో కలిసిపోదు. కావున వారమునకొకసారి పూయవలెను.

మచ్చను తొలగించుట ఇంతకంటె కష్టము. తొలి మాసములలోని గర్భస్థ శిశువు చర్మము మచ్చలేకనే మానును. ఈ రహస్యము ఆధారముగా టి.జి.ఎఫ్. బీటా-3 తో చేసిన ఔషధము 2011లో తుది పరీక్షయందు విఫలమైనది. పెరుగుమను సందేశముతో పాటు, ఆగుమను సందేశమును సకాలమున అందవలెను.

కావున మన ప్రాంతపు మధుమేహ రోగికి జన్యుచికిత్స నేటి ఔషధము కాదు. స్పర్శ తగ్గిన పాదమునకు ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. నిర్లక్ష్యము చేసినచో కాలే పోవచ్చును. విద్యార్థి సోదరీసోదరులారా! మీ ఇంట మధుమేహమున్న పెద్దల అరికాళ్లను ప్రతిరాత్రి దీపపు వెలుగున పరీక్షింపుడు. చిన్న పుండు కనబడినను వైద్యుని వద్దకు తోడ్కొనిపొండు. రేపటి శాస్త్రమును అభ్యసించు వారు నేటి గాయమును మరువరాదు.