కూర్చుండి లెక్క చూసుకుందాం: పద్ధతిగా ఆడితే ఆన్‌లైన్ బెట్టింగులో లాభం వస్తుందా?

చదవవలసిన భాగం: లూకా 14:28-30



గత శీతాకాలంలో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర, ఇక్కడ మాస్టర్స్ చదువుతున్న ఒక తమ్ముడు నా పక్కన కూర్చున్నాడు. "అన్నా, నాది జూదం కాదు. నేను పద్ధతిగా ఆడతాను, చూడండి" అంటూ ఫోనులో ఎక్సెల్ షీట్ తెరిచాడు. ఏ మ్యాచ్, ఏ ధర, ఎంత పందెం, గెలుపా ఓటమా, అన్నీ వరుసగా రాసుకున్నాడు. పక్కన పెట్టుకున్నది 1,000 పౌండ్లు. ఏ పందెంలోనూ 2 శాతం, అంటే 20 పౌండ్లు దాటడు. 100 పందేల్లో 58 గెలిచాడు. షీట్ అడుగున 215 పౌండ్ల లాభం కనబడుతోంది. "ఇందులో తప్పేముంది, చెప్పండన్నా?"

"తప్పు" అని ఒక్క మాటతో ముగించవచ్చు. కాని అతను లెక్క చూపించాడు గనుక లెక్కతోనే జవాబు చెప్పాలనిపించింది. గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు చూసుకోవాలని ప్రభువు చెప్పిన సంగతి మనకు తెలుసు. ఈ పాఠంలో మనం చేయబోయేది అదే.

1. ధరలోనే కోత ఉంది

క్రికెట్ మ్యాచ్‌లో టాస్ మీద కూడా పందెం కాస్తారు. టాస్‌లో ఇరుపక్షాలకూ అవకాశం సరిసమానం. న్యాయమైన ధర అయితే 1 పౌండుకు 2 పౌండ్లు తిరిగి రావాలి. కాని కంపెనీ ఇచ్చే ధర సాధారణంగా 1.91 దగ్గర ఉంటుంది. అంటే 100 పౌండ్లు కాసి గెలిస్తే 191 వస్తాయి, ఓడితే ఏమీ రాదు. గెలుపు ఓటములు సగం సగం అయితే సగటున చేతికొచ్చేది 95 పౌండ్ల 50 పెన్నీలు. మిగిలిన నాలుగున్నర పౌండ్లు కంపెనీవి. ఎవరు గెలిచినా దాని వాటా దానికి అందుతుంది.

ఈ ధర దగ్గర నష్టం లేకుండా బయటపడాలంటే 100 పందేల్లో 53 గెలవాలి. సగానికి సగం గెలిచేవాడు ఓడిపోతున్నట్టే.

2. చిన్న పందెం నష్టాన్ని ఆపదు, నెమ్మదిస్తుంది

"2 శాతం నియమం" మంచిదే అనిపిస్తుంది. రోజుకు 5 పందేలు, ఒక్కొక్కటి 20 పౌండ్లు అనుకోండి. నెలకు 150 పందేలు, మొత్తం 3,000 పౌండ్లు కాసినట్టు. అందులో నాలుగున్నర శాతం అంటే 135 పౌండ్లు. చేతిలో ఉన్నది వెయ్యే అయినా కోత పడేది తిరిగిన మూడు వేల మీద. కుండకు చిల్లు ఉన్నప్పుడు కొంచెం కొంచెంగా నీళ్లు పోసినా కుండ నిండదు.

3. రెట్టింపు పద్ధతి, గొలుసు పందెం

ఓడిన ప్రతిసారీ పందెం రెట్టింపు చేస్తే చివరికి గెలిచి తీరతామనే పద్ధతిని మార్టింగేల్ అంటారు. రౌలెట్ చక్రం మీద చూద్దాం. యూరోపియన్ రౌలెట్‌లో 37 గడులు ఉంటే ఎరుపు 18 మాత్రమే. 10 పౌండ్లతో మొదలుపెట్టి వరుసగా ఆరుసార్లు ఓడితే 10, 20, 40, 80, 160, 320, మొత్తం 630 పౌండ్లు పోయాయి. ఏడో పందానికి 640 కావాలి. వెయ్యిలో మిగిలింది 370. అన్నిసార్లు వరుసగా ఓడతామా అంటే, ఇలా మొదలుపెట్టిన ప్రతి 55 ప్రయత్నాలలో సుమారు ఒకసారి జరుగుతుంది. మిగతా 54 సార్లూ పదేసి చొప్పున 540 గెలుస్తాం. ఆ ఒక్కసారి 630 పోగొట్టుకుంటాం.

ఐదు ఫలితాలను కలిపి ఒకే పందెంగా కాసే అక్యుమ్యులేటర్ ఇంకా ఖరీదైనది. ఒక్కొక్కటి 1.91 చొప్పున ఐదు కలిస్తే 1 పౌండుకు సుమారు 25 పౌండ్ల 40 పెన్నీలు ఇస్తారు. అన్నీ సరిసమానమైన పందేలైతే ఐదూ గెలిచే అవకాశం 32లో ఒకటి, కాబట్టి న్యాయంగా రావలసింది 32 పౌండ్లు. నాలుగున్నర శాతం కోత ఇక్కడ 20 శాతం దాటింది. యాప్‌లు ఈ పందేలకే ఎక్కువ బోనస్‌లు ఎందుకు ఆశ చూపుతాయో ఇప్పుడు అర్థమవుతుంది.

4. కెల్లీ సూత్రం చెప్పే జవాబు

పద్ధతిగా ఆడేవారు గౌరవంగా చెప్పుకొనే సూత్రం ఒకటుంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జాన్ కెల్లీ 1956లో దాన్ని ప్రచురించాడు. మనకున్న మొగ్గును బట్టి సొమ్ములో ఎంత భాగం కాయాలో అది చెబుతుంది. అయితే మొగ్గు మనవైపు లేనప్పుడు ఆ సూత్రం ఇచ్చే జవాబు సున్నా. 1.91 ధర, సగం అవకాశం పెట్టి లెక్కేస్తే సున్నా కంటే తక్కువ వస్తుంది. నిజమైన క్రమశిక్షణ ఉన్నవాడు ఆ పందెం కాయడు.

5. మరి ఆ 58 గెలుపుల సంగతి?

ఇది తమ్ముడు అడిగిన ప్రశ్నే. నాణెం ఎగరేసి 100 పందేలు కాసినా, 100 మందిలో ఆరేడుగురికి 58 లేదా అంతకంటే ఎక్కువ గెలుపులు వస్తాయి. వాళ్లలో ప్రతి ఒక్కరూ తమ తెలివే గెలిపించిందనుకుంటారు. టెలిగ్రామ్‌లో "ఖచ్చితమైన టిప్స్" అమ్మేవారిలో ఇలాంటివారూ ఉంటారు. ఓడినవారెవరూ ఛానల్ పెట్టరు, అందుకే వారి స్క్రీన్‌షాట్లు మనకు కనబడవు.

6. గెలిచేవారు అసలు లేరా?

ఉన్నారు. హాంకాంగ్ గుర్రప్పందేల్లో బిల్ బెంటర్ కంప్యూటర్ నమూనాతో గెలిచాడు. ఇంగ్లండ్‌లో బ్రైటన్ ఫుట్‌బాల్ క్లబ్ యజమాని టోనీ బ్లూమ్, బ్రెంట్‌ఫర్డ్ యజమాని మాథ్యూ బెన్‌హమ్ బెట్టింగుతోనే ధనవంతులయ్యారు. కాని వారి వెనుక గణిత నిపుణుల బృందాలు, ఏళ్ల తరబడి సేకరించిన వివరాలు ఉన్నాయి. షిఫ్టు ముగించి బస్సులో ఫోను తీసేవాడి పని వేరు. ఇంకొక సంగతి: నిలకడగా గెలిచే ఖాతాలకు కంపెనీలు పందెం హద్దు తగ్గించడం ఈ దేశంలో మామూలే. ఓడేవాడికి బోనస్, గెలిచేవాడికి హద్దు.

7. షీట్‌లో రాయని పందేలు

లెక్కంతా విన్నాక తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. "బ్యాంక్ స్టేట్‌మెంట్ తీయి తమ్ముడూ, యాప్‌లోకి వెళ్లిందెంత, తిరిగొచ్చిందెంత కూడుదాం" అన్నాను. కూడితే 2,340 పౌండ్లు తక్కువ. షీట్‌లో ఉన్నవి పగటి పందేలు. ఓడిన కోపంతో అర్ధరాత్రి కాసినవి అతను రాసుకోలేదు. పోయింది తర్వాతి వాయిదా ఫీజు. ఊళ్లో నాన్న ఎకరం పొలం తాకట్టు పెట్టి పంపిన సొమ్ము.

ఆ సాయంత్రమే నాన్నకు ఫోన్ చేసి చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. అవతల చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆయన అన్న మొదటి మాట, "అన్నం తిన్నావా?"

8. ఇప్పుడు చేయవలసినవి

ఒకటి, ఎక్సెల్ షీట్‌ను కాదు, బ్యాంక్ స్టేట్‌మెంట్‌ను నమ్మండి.

రెండు, గ్యామ్‌స్టాప్‌లో పేరు నమోదు చేసుకోండి. ఉచితం. 6 నెలలు, 1 సంవత్సరం, 5 సంవత్సరాలు అని ఎంచుకోవచ్చు. గ్రేట్ బ్రిటన్‌లో లైసెన్సు ఉన్న ఆన్‌లైన్ కంపెనీలన్నీ మిమ్మల్ని ఆపాలి. లైసెన్సు లేని సైట్లకు ఇది వర్తించదు గనుక వాటి జోలికి అసలే వద్దు. చాలా బ్యాంకుల యాప్‌లలో బెట్టింగు చెల్లింపులు ఆపే మీట కూడా ఉంటుంది.

మూడు, అప్పు చేసి ఆడవద్దు. ఇక్కడ 2020 ఏప్రిల్ 14 నుండి క్రెడిట్ కార్డుతో జూదం నిషిద్ధం. ఆ నిషేధాన్ని స్నేహితుల దగ్గర చేబదులుతో దాటకండి. ఇండియాలో మనవారి ఖాతాలతో ఆడించడం కూడా వద్దు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై 2025లో కేంద్రమే చట్టం చేసింది.

నాలుగు, సహాయం చేసేవారు చేతికి నగదు ఇవ్వకండి. మేము తమ్ముడికి డబ్బు ఇవ్వలేదు. అతనితో కలిసి యూనివర్సిటీ ఆఫీసుకు వెళ్లి వాయిదాకు గడువు అడిగాం. ఇద్దరు సహోదరులు ఇచ్చింది నేరుగా ఫీజుకే కట్టాం. గ్యామ్‌కేర్ నడిపే జాతీయ హెల్ప్‌లైన్‌కు అతనే ఫోన్ చేశాడు. అది 24 గంటలూ పనిచేస్తుంది, ఉచితం.

ఇప్పుడతను ప్రతి నెలా మొదటి ఆదివారం తన స్టేట్‌మెంట్ నాకు చూపిస్తాడు. నేను అడగకముందే ఫోను తీస్తాడు. ఈ సంగతి రాయమన్నది కూడా అతనే.

కలిసి ఆలోచించడానికి ప్రశ్నలు

1. 1.90 ధర ఉన్న సరిసమానమైన పందెంలో 100 పౌండ్లకు సగటున ఎంత పోతుంది? మీరే లెక్క వేయండి.
2. మన ఖర్చుల్లో ఎవరికీ చూపించని పద్దు ఏదైనా ఉందా?
3. మన సహవాసంలో ఎవరైనా ఇలాంటి మాట చెప్పుకోవాలంటే భయపడకుండా చెప్పగలరా? అలా చెప్పగలిగేలా మనం ఏమి మార్చుకోవాలి?