తల యూపుట అర్థమగుట కాదు
(నర్సు విద్యార్థులకు ఒక పాఠము)

సూది వేయుట, కట్టు కట్టుట, నాడి చూచుట మొదలగు పనులను నర్సు విద్యార్థులు శ్రద్ధతో నేర్చుకొందురు. రోగితోను, అతని బంధువులతోను మాటలాడుట కూడ అట్లే నేర్చుకొనదగిన పని. అది పుట్టుకతో వచ్చు గుణమని కొందరు తలంతురు. కాని అభ్యాసము చేసినచో ఎవరికైనను అలవడును. నర్సుకును రోగికిని గల సంబంధమును గూర్చి అమెరికా దేశపు నర్సు హిల్డెగార్డ్ పెప్లౌ వ్రాసిన గ్రంథము 1952లో వెలువడినది. నాటినుండి ఈ విషయము నర్సు విద్యలో ముఖ్యభాగమైనది.

ఒక ఉదాహరణము చూతము. విరేచనములతో వైద్యశాలకు వచ్చిన ఏడాది బిడ్డ కోలుకొన్నాడు. ఇంటికి పంపు వేళ విద్యార్థిని తల్లికి ఓ.ఆర్.ఎస్. పొట్లములును, జింకు బిళ్ళలును ఇచ్చి, వాడు విధమును గడగడ చెప్పి, "అర్థమయిందా, అమ్మా?" అని అడిగినది. తల్లి తల యూపి, "సరే, సిస్టరమ్మా" అన్నది.

ఆ తల్లి ఒక లీటరు నీటికి తగిన పొట్లమును ఒక్క గ్లాసు నీటిలో కలిపినచో, బిడ్డ శరీరమున ఉప్పు హెచ్చి ప్రమాదము కలుగును. నీరు మరీ ఎక్కువైనచో తగినంత లవణము అందదు. ఇందు తల్లి తప్పు లేదు. పదిమంది యెదుట "అర్థము కాలేదు" అని చెప్పుటకు ఎవరికైనను సిగ్గు. కావున ఆ ప్రశ్నయే సరియైనది కాదు.

అట్లయిన ఏమి చేయవలెను?

1. కూర్చుండి మాటలాడవలెను. వయసునకు తగినట్లు "అమ్మా", "తాతగారూ" అని మర్యాదగా పిలువవలెను. వైద్యశాస్త్ర పదములను విడిచి, ఇంటి మాటలు వాడవలెను.

2. ముందుగా అడిగి తెలిసికొనవలెను. "ఇంట్లో నీళ్ళు దేనితో కొలుస్తారమ్మా?" కొలత పాత్ర లేనియెడల ఒక లీటరు నీళ్ళ సీసా చాలును. 200 మిల్లీలీటర్ల పొట్లములును కలవు గనుక, పొట్లముపై వ్రాసిన కొలతను చూచి చెప్పవలెను.

3. ముఖ్యమైన వానినే చెప్పవలెను. కలిపిన నీటిని 24 గంటలలోపల వాడవలెను. విరేచనములు నిలిచినను జింకు 14 దినములు ఇయ్యవలెను. తల్లిపాలు మానరాదు. బిడ్డ త్రాగలేకున్నను, మత్తుగా పడియున్నను, విరేచనములో రక్తము కనబడినను వెంటనే తీసికొని రావలెను.

4. తిరిగి చెప్పించవలెను. "నేను సరిగా చెప్పానో లేదో చూసుకోవాలమ్మా. ఇంటికి వెళ్ళాక ఎలా కలుపుతారో చెప్పండి" అని అడుగవలెను. ఇట్లడిగినచో పరీక్ష నర్సుకే గాని తల్లికి కాదు. పొరపాటున్నచో నవ్వరాదు, గద్దింపరాదు. వేరు మాటలతో మరల చెప్పి, మరల చెప్పించవలెను.

ఇంటివారికి నేర్పుటవలన కలుగు మేలునకు మనదేశముననే నిదర్శనము కలదు. 1971లో పశ్చిమ బెంగాలులోని బన్‌గాఁవ్ శరణార్థి శిబిరమున కలరా వ్యాపించి, నరములకు ఎక్కించు సెలైను చాలలేదు. అప్పుడు డాక్టరు దిలీప్ మహలనబీస్ లవణములును గ్లూకోజును కలిపిన నీటిని రోగుల బంధువులచేతనే త్రాగించిరి. మరణములు నూటికి నాలుగుకంటె తక్కువకు దిగినవి. మందు మంచిదే. కాని దానిని రోగి నోటికి అందించినవి బంధువుల చేతులు.

విద్యార్థులారా! ఈ సాయంకాలమే మీలో ఒకరు తల్లిగా, ఒకరు నర్సుగా కూర్చుండి దీనిని అభ్యసింపుడు. పనుల రద్దీలో ఇంత తీరిక ఎక్కడిదని మీకు తోచవచ్చును. తిరిగి చెప్పించుటకు పట్టునది రెండు మూడు నిమిషములు. ఆ నిమిషములు మిగుల్చుకొన్నచో, అదే బిడ్డ మరల మీ వార్డునకు రావచ్చును.