కుక్క పెరడు త్రవ్వుట: కారణములు, నివారణోపాయములు

నారు పోసిన మడిని రాత్రివేళ ఇంటికుక్క త్రవ్విపోయుట అనేకులు రైతులకు అనుభవమే. మిరపనారు గాని వంగనారు గాని ఒక్కరాత్రిలో పాడైనచో అదనునకు మరల నారు దొరకుట కష్టము. రైతు కోపించి కఱ్ఱ తీయును. కుక్క మరునాడు మరల త్రవ్వును. ఏలయన, త్రవ్విన చాలసేపటికి తగిలిన దెబ్బ యెందులకో దానికి తెలియదు. యజమానుని చూచి బెదరుట మాత్రమే అది నేర్చుకొనును. కావున కఱ్ఱ తీయుటకు ముందు గుంతను పరీక్షింపుడని మా మనవి.

మొదటి కారణము వేడి. గోడనీడను గాని, తడిపిన మడిలో గాని, తన యొడలు పట్టునంత వెడల్పుగా, లోతు తక్కువగా త్రవ్వి అందు పరుండినచో అది చల్లదనమునకై చేసిన పని. కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. వేపచెట్టు నీడలో దానికై యొక గుంత తీసి, ఇసుక పోసి, ఎండవేళ నీరు చల్లుడు. ప్రక్కన మూకుటిలో త్రాగునీరుంచుడు.

రెండవది ఎలుకలు, పందికొక్కులు. గోడమొదటను, గడ్డివామి క్రిందను, గాదె ప్రక్కను ఇరుకుగా, లోతుగా, వాసన చూచుచు త్రవ్వినచో అది మీ ధాన్యము తినువాని జాడ చూపుచున్నది. సాయంకాలమున కలుగులన్నియు మట్టితో మూయుడు. తెల్లవారునప్పటికి తెరచియున్న వానిలోనే ఎలుక లున్నవని గ్రహించి, వానిని త్రవ్వించి పట్టించుడు. ఎలుకలమందు పెట్టినచో, ఆ మందు తినిన యెలుకను తిని కుక్కయు చావవచ్చును.

మూడవది ఎరువు వాసన. ఎముకలపొడి, చేపల యెరువు వేసిన మడిని కుక్క ఆహారమని తలచి త్రవ్వును. అందు ఆముదపుపిండి కలిసియున్నచో ప్రాణాపాయము. ఆముదపు గింజలలో రిసిన్ అను విషము కలదు. నూనె తీసిన పిమ్మట అది పిండిలోనే నిలుచును. మాకు తెలిసిన యొక రైతు ఈ రెండును కలిపి వంగమడిపై చల్లెను. ఆరేండ్లు కళ్లము కాచిన అతని కుక్క వాంతులతోను, రక్తవిరేచనములతోను మూడవనాడు చచ్చెను. ఆ యెరువులను వేయుమని చెప్పినవారము మేమే. ఈ హెచ్చరిక నానాడు చేయమైతిమి. కావున ఈ రెండింటిని కలుపకుడు. ఆముదపుపిండిని పైపైన చల్లక మట్టిలో బాగుగా కలియబెట్టి, మడికి దడి కట్టుడు. బస్తాలను తలుపున్న గదిలో నుంచుడు. కుక్క తిన్నట్లు తోచినచో వాంతులగువరకు వేచియుండక వెంటనే పశువైద్యశాలకు గొనిపొండు.

నాల్గవది పని లేకుండుట. పగలెల్ల కట్టివేసిన కుక్క రాత్రి విడువగానే కనబడిన చోటెల్ల త్రవ్వును. ఉదయమున పొలమునకు వెంట తీసికొనిపొండు. ఇక చూలికుక్క త్రవ్వినచో అది ఈనుటకు చోటు వెదకికొనుచున్నది. చావడి మూల గోనెపట్ట పరచి యిండు.

కారణము తెలియువరకు మడిని కాచుకొనవలెను గదా. చుట్టును తుమ్మకంపతో దడి కట్టి, కంప మొదళ్లను జానెడు లోతున పాతుడు. లేనియెడల కుక్క క్రిందుగా దూరును. దడికి ఖర్చు స్వల్పము. పోయిన నారును, పోయిన కావలికుక్కను అదనులో మరల సంపాదించుట సులభము కాదు.